గొంగడి నలుపు

మా బాపుకు అబద్ధం ఆడటం రాదని పాలమూరులో ఫోటోలు తీసేవాళ్లంతా అనేవాళ్లు. అందరికంటే గట్టిగా అన్నదాన్ని నేనే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బస్టాండు నుంచి గడియారం వైపు పోయే రోడ్డు మీద మా స్టూడియో. ముందు గదిలో బాపు ఫోటోలు తీసేవాడు, వెనక చీకటి గదిలో రీళ్లు కడిగి ప్రింట్లు వేసే పని నాది. ఎనభైల చివర, ఇంకా బడికి పోతున్నప్పుడే ఆ పనిలో దిగాను. అన్నకు ఆ మందుల వాసన పడేది కాదు. తలనొప్పి అని చెప్పి సినిమా హాలు దగ్గర తేలేవాడు. బాపు నన్నే పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. మందు పళ్లెంలో కాగితం మీద బొమ్మ తేలుతుంటే అందులోని ముఖం చూడనిచ్చేవాడు కాదు.

"తెలుపును ఎవడన్న తెస్తడు బిడ్డా. నలుపు చూడు. నలుపుల ఏమున్నదో కండ్లకు కనబడితెనే అది ఫోటో, లేకుంటె మసిగుడ్డ" అనేవాడు.

అలా నలుపు చూడటం నేర్చుకున్నాను. జడలో వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయా, నల్లకోటు మడతలు తెలుస్తున్నాయా అని చూసేదాన్ని. నా పెళ్లిచూపులకు వచ్చిన ఒకాయన ఫోటో చేతికిస్తే, మీసం ముద్దగా వచ్చింది, ఎక్కడ తీయించారని అడిగాను. ఆ సంబంధం మళ్లీ మాట్లాడలేదు.

మక్తల్ నుంచి ఒకామె మా దగ్గరికి వచ్చేది. నేను ఆపా అని పిలిచేదాన్ని. ఆమె భర్త అక్కడ ఫోటోగ్రాఫరు. వాళ్ల ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూర్చునే గదిలోకి మగవాళ్లు పోరు కాబట్టి, ఆ గది ఫోటోలన్నీ ఆపా తీసేది. తీసిన రీళ్లు భర్తకు కూడా ఇచ్చేది కాదు. చీకటి గదిలో ఆడపిల్ల పనిచేసే స్టూడియో పాలమూరులో ఒకటుందని విని, బస్సెక్కి నా దగ్గరికి తెచ్చేది. నేను కడుగుతున్నంతసేపు తలుపు బయట స్టూలు మీద కూర్చునేది. ఆరిన నెగటివ్‌లు, ప్రింట్లు అన్నీ లెక్క చూసుకుని గుడ్డలో మూటకట్టి, సంచిలో అడుగున పెట్టుకుని పోయేది. ముక్క కూడా మా దగ్గర మిగలనిచ్చేది కాదు.

"మా పిల్లల ఫోటోలు నువ్వు చూడాలె, నేను చూడాలె. ఇంకెవరు చూడొద్దు బేటీ" అనేది.

తరువాత రంగుల రీళ్లు వచ్చి మా చీకటి గదిని పండబెట్టాయి. రంగు రీలు కడగాలంటే హైదరాబాదులో పెద్ద మిషనున్న ల్యాబుకు పంపాలి. అక్కడ ఎవరెవరు చూస్తారో ఎవరికి తెలుసు? మక్తల్‌లో పెద్ద కుటుంబాలు ఆపాను పిలవడం తగ్గించాయి. నలుపు తెలుపు తీస్తానంటే పెళ్లికి రంగు లేకుండా ఎట్లా అని నవ్వారట. వచ్చే పని కళ్ల ముందే పోతుంటే ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

తొంభైల చివర రీలు లేని కెమెరా వచ్చింది. ఆ మాట చెప్పగానే ఆపా నమ్మలేదు. రీలు ఉండే జాగాలో సెన్సర్ అని గోరంత బిళ్ల ఉంటుందని, బొమ్మ దాని మీద పడి ఒక చిన్న కార్డులోకి పోతుందని, కార్డు కంప్యూటర్‌లో పెడితే అచ్చు వస్తుందని వివరించాను.

"అంటె పట్నం పోయే పని లేదా?"

"లేదు ఆపా. మా బాపు కంప్యూటర్ తెస్తాండు. అచ్చు నేనే వేస్త."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నవ్వొచ్చింది కూడా, కెమెరా గురించి ఏడ్చే మనిషిని అంతకుముందు చూడలేదు.

అప్పటికి రెండు కంపెనీల కెమెరాలు అమ్మడానికి హైదరాబాదు నుంచి ఇద్దరు డీలర్లు తిరుగుతున్నారు. ఒకటి నల్లది, ఒకటి వెండిరంగుది. మాది గొప్పదంటే మాది గొప్పదని ఇద్దరూ రంగుల కాగితాలు పంచారు. జిల్లాలో ఫోటోలు తీసేవాళ్లు మా స్టూడియోలో చాయ్ తాగుతూ రోజుల తరబడి వాదించుకున్నారు. చివరికి బాపును పరీక్ష పెట్టమన్నారు. ఆయన ఏది బాగుందంటే అదే కొంటామన్నారు.

పరీక్షకు బాపు ఎంచుకున్నది గొంగడి. నల్ల గొర్రె ఉన్నితో నేసిన గొంగడి కంటే కెమెరాకు గడ్డు పరీక్ష లేదని ఆయన నమ్మకం. ఊరి బయట గొర్లు కాసేవాళ్ల ఇంటికి పోయాం. లోపల కిటికీ లేదు, వెలుతురంతా గుమ్మంలో నుంచే. ఆ ఇంటి అవ్వను పీట మీద కూర్చోబెట్టి, గుమ్మం వైపు భుజం మీద గొంగడి కప్పాం. ఫ్లాష్ వద్దన్నాడు బాపు. నల్ల కెమెరాను ఇనుప స్టాండు మీద బిగించి బొమ్మలు తీశాడు.

అంతలో అవ్వ విసుక్కుంది. "ఎంతసేపు బిడ్డా, భుజం గుంజుతాంది. బరువు ఒక్క దిక్కే మొయ్యాల్నా?"

నేనే పోయి గొంగడిని గోడ వైపు భుజం మీదికి మార్చాను. తరువాత బాపు వెండి కెమెరా బిగించి తీశాడు. ఉన్నిలో వెంట్రుకలు కనబడాలని మేం మాట్లాడుకుంటుంటే అవ్వ పడీ పడీ నవ్వింది. "గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరుకున్నట్టే ఉన్నది మీ కథ" అంది.

రెండు కార్డులూ ఒకే మిషన్ మీద అచ్చు వేయించుకొస్తానని బాపు హైదరాబాదు పోయాడు. వచ్చాక అందరినీ పిలిచాడు. పక్క జిల్లా హుజూర్‌నగర్ నుంచి కూడా ఒకాయన వచ్చాడు. బాపు రెండు ప్రింట్లు బల్ల మీద పరిచాడు. ఏది ఏ కెమెరాదో వెనక రాసి ఉంది, ముందు చెప్పనన్నాడు.

"నేను చెప్తె నా కన్ను ఎటు మొగ్గిందో అంటరు. నా బిడ్డ చూస్తది. చీకటి గదిల పెరిగిన కన్ను" అన్నాడు.

ఎంత పొంగిపోయానో! భూతద్దం తీసుకుని వంగాను. ఒక ప్రింటులో గొంగడి నలుపంతా ఎర్రటి, నీలపు చుక్కలు, కారంపొడి చల్లినట్టు. అవ్వ చెంప నీడలో కూడా అవే. రెండో దానిలో నలుపు నలుపుగానే ఉంది. ఉన్ని పోగులు లేచి కనబడుతున్నాయి, ముడతల్లో నీడ మెత్తగా ఉంది. అద్దం చేతులు మారింది. అందరూ గొంగడిలో తలదూర్చి వెంట్రుకలు చూశారు. ఎవరికీ సందేహం లేదు. నేను రెండో దాన్ని చూపించాను.

బాపు దాన్ని తిరగేశాడు. వెనక 'వెండిది' అని ఆయన చేతిరాత.

నల్ల కెమెరా డీలరు ఆ రోజు రాలేదు. రమ్మని ఆయనకు కబురే పోలేదని చాలా రోజులకు తెలిసింది.

ఆపా సాయంత్రం బస్సుకు వచ్చింది. ప్రింట్లు చూపించబోతే చూడలేదు. "నాకు గవన్ని తెల్వదు. నువ్వు చెప్పు, కొనాల్నా?" అంది.

"కొను ఆపా. నాది పూచీ."

వెండిది కొంది. ఆ నెలలోనే మా స్టూడియోకు కంప్యూటర్, ప్రింటరు వచ్చాయి. వెండి కెమెరా డీలరు హైదరాబాదులో తన షాపులో అన్నకు ఉద్యోగమిచ్చాడు. ఇన్నాళ్లకు కొడుకు ఒక దారిలో పడ్డాడని అమ్మ వీధంతా పేడాలు పంచింది. నేనూ రెండు తిన్నాను.

మక్తల్‌లో ఒక పెద్దింటి పెళ్లికి ఆపాను మళ్లీ పిలిచారు. పట్నం చూడని ఫోటోలని ఆమే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుందట. పెళ్లి అయిన మర్నాడు కార్డు పట్టుకుని వచ్చింది. తలుపు మూసి, ఇద్దరమే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. పరదాలు వేసిన గది. దగ్గర కూర్చున్న నలుగురు చిన్న ఫ్లాష్ వెలుగుకు తెల్లగా వెలిసిపోయారు. వెనకవాళ్లందరూ చుక్కల్లో మునిగిపోయారు. ఫ్లాష్ లేకుండా తీసిన పెళ్లికూతురు ముఖం చూసి ఆపా చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లకు అమ్మతల్లి పోసినట్టుంది.

"నా చెయ్యి తప్పా బేటీ? ఏమన్న తప్పు నొక్కిన్నా?"

తప్పు నొక్కి ఉంటుందనే నేనూ అనుకున్నాను, ఖర్మ. కెమెరా తీసుకుని మా వంటింట్లో, చీకటి గది గుమ్మంలో నేనే తీసి చూశాను. అన్నిట్లో అవే చుక్కలు. ఆ రోజు బల్ల మీద చూసిన కారంపొడే. నాకు అర్థం కాలేదు. పరీక్ష ప్రింట్లు రెండూ బాపు అద్దం కట్టించి షోకేసులో పెట్టాడు, కింద కెమెరాల పేర్లతో సహా. వాటి ముందుకు పోయి నిలబడ్డాను.

అప్పటిదాకా ఆ ప్రింట్లలో నేను అవ్వను చూడనే లేదు. నలుపును చూశాను, అంచులు చూశాను, నీడ చూశాను. జిల్లా ఫోటోగ్రాఫర్లందరం భూతద్దంతో ఉన్ని పోగులు ఏరుకున్నాం. గొంగడి ఏ భుజం మీద ఉందో ఒక్కరం కూడా చూడలేదు. వెండిదని పేరున్న శుభ్రమైన ఫోటోలో గొంగడి గుమ్మం వైపు భుజం మీద ఉంది. అది నల్ల కెమెరా తీసినప్పటి సంగతి. వెండిది తీసే ముందు నా చేతులతో గోడ వైపుకు మార్చాను కదా. గోడ వైపు గొంగడి ఉన్న ఫోటో, చుక్కలది, పక్క ఫ్రేములో నల్ల కెమెరా పేరుతో ఉంది.

పొరపాటేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఫ్రేములు దించి బాపు ముందు పెట్టాను. ఆయన లెన్సు తుడుస్తున్నాడు.

"బాపూ, గీ రెండు తారుమారయినయ్."

ఆయన ఫ్రేముల వైపు చూడలేదు. నా ముఖం వైపూ చూడలేదు. తుడిచిన లెన్సునే మళ్లీ తుడిచాడు. అప్పుడే తెలిసిపోయింది.

"నీ అన్న బతుకు కోసం చేసిన బిడ్డా. మళ్ల ఎవడిస్తడు వానికి నౌకరి?"

"మరి నన్నెందుకు అడిగినవ్? వెండిది మంచిగున్నదని నువ్వే చెప్పకపోయినవా?"

"నేనెట్ల చెప్త? నా నోట అబద్ధం వస్తదా?"

నిజాయితీగా అన్నాడా మాట! నా నోటితో చెప్పిస్తే అది అబద్ధం కాదని నిజంగానే అనుకున్నాడు. నేర్పిన కన్ను ఆయనదే, చూసింది నేను, చెప్పింది నేను, ఆయన ఉత్తగా కాగితం తిరగేశాడు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నేను గట్టిగా అరిచాను. అమ్మ వంటింట్లో నుంచి వచ్చి, కొడుకు కడుపు మీద కొడతావా అని నా మీదే లేచింది. అమ్మకు ముందే తెలుసని అప్పుడు తెలిసింది. అన్నకూ తెలుసు. ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే.

ఫోటోలు తీసేవాళ్లకు నేనే చెప్పాను. కొందరు నమ్మారు. కన్నతండ్రిని బజారుకీడ్చిందని కొందరు నన్నే తిట్టారు. చివరికి మక్తల్ బస్సు ఎక్కి ఆపా ఇంటికి పోయాను.

ఆపా నేను చెప్పిందంతా విన్నది. వెండి కెమెరా అలమారలో ఉంది. పెళ్లివాళ్లు ఇంటికొచ్చి నానా మాటలు అనిపోయారని ఆమె కోడలు చెప్పింది. నేను మా బాపును తిడుతూనే ఉన్నాను. ఎంత తిట్టినా నాకు ఆగడం లేదు. ఆపా చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"మీ బాపును ఇడిసిపెట్టు. నేను ఆయనను నమ్మి కొనలే. నిన్ను నమ్మి కొన్న" అంది.

కోపంగా అనలేదు, అందుకే ఇంకా తగిలింది. నేను చాయ్ తాగి వచ్చేశాను. ఆ తరువాత బాపు వేసిన ప్రశ్నలకు జవాబు చెప్పేదాన్ని, అన్నం వడ్డించేదాన్ని, అంతే. స్టూడియోలోకి మాత్రం అడుగు పెట్టలేదు.

మరుసటి ఎండాకాలం నా పెళ్లి కుదిరింది. ఆపాకు కబురు పంపాను, నీ పాత రీలు కెమెరా తీసుకుని రా అని. వస్తుందనుకోలేదు. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. నన్ను పెళ్లికూతురిని చేస్తున్న గదిలోకి వచ్చి, నా కొంగు సర్ది, తీయడం మొదలుపెట్టింది.

పీటల మీద తంతులన్నీ అయ్యాక బాపు వచ్చాడు. నా పెళ్లి ఫోటో తానే తీయాలని నా చిన్నప్పటి నుంచీ చెప్పుకున్న మనిషి. కొత్త ధోవతి మీద కెమెరా వేసుకుని, జనాన్ని జరగమని, మోకాలు మీద కూర్చున్నాడు.

"బిడ్డా, ఇటు చూడు."

ఆపా అటు పక్క నిలబడి ఉంది. నేను ఆమె వైపు తిరిగాను.

"ఒక్కసారి బిడ్డా."

చుట్టూ ఉన్నవాళ్లు చూడమని నన్ను పొడిచారు. నేను తిరగలేదు. ఆయన కాసేపు చూసి, చివరికి అలాగే నొక్కాడు. నా పెళ్లి ఆల్బమ్‌లో మా బాపు తీసిన ఫోటో అదొక్కటే. అందులో నా ముఖం లేదు.