దొంగకి వండిన పనసపొట్టు కూర

మా అమలాపురంలో ఇంటర్నెట్ సెంటర్లోకి చెప్పులు బయట విప్పి వెళ్లిన రోజులవి. మెయిల్ తెరిచే ముందు దణ్ణం పెట్టుకున్నవాళ్లని కూడా నేను చూశాను. కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి, ఆ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకున్న నాకు ఊళ్లో ‘కంప్యూటరబ్బాయి’ అని పేరు. (మౌస్ పాడైతే బాగుచేయడం రాదు గానీ, పేరు మాత్రం గట్టిదే.) ఆ ధీమాతోనే మా మేనత్త నడిపే కొబ్బరిపీచు మహిళా సంఘానికి మెయిల్ పెట్టించి, ఎవరూ ఊహించలేని పాస్‌వర్డ్ ఒకటి కనిపెట్టి ఇచ్చాను. చెన్నై వర్తకుడి ఆర్డర్లన్నీ ఆ మెయిల్‌కే వచ్చేవి. అది పరాయివాడి చేతిలో పడితే తాళ్లు పేనే ఆడవాళ్లందరికీ పని పోయినట్టే.

వారం తిరక్కుండా ఆ పాస్‌వర్డ్ టీకొట్టు బాబాయి నోట వినపడింది. అత్త దగ్గరికి పరుగెత్తాను.

“ఎవరెవరికి చెప్పేవత్తా?”

“అడిగినవాళ్లకే చెప్పేన్రా. అడక్కుండా ఒక్కరికీ చెప్పలేదు,” అంది గర్వంగా.

పక్క మండలంలో ఒక సంఘం మెయిల్‌ని ఎవడో ఇలాగే ఫోన్లో పాస్‌వర్డ్ అడిగి కాజేసి, వాళ్ల పేరుతో వర్తకులకి పిచ్చి రాతలు రాసి, ఆర్డర్లన్నీ పోగొట్టాడని అప్పటికే విన్నాను. వెంటనే కొత్త పాస్‌వర్డ్ పెట్టి, సభ్యులందర్నీ కూర్చోబెట్టి, ఎవరడిగినా ‘చెప్పను’ అనడం నేర్పించాను. నేనే దొంగనై ‘కాస్త చెప్తారాండీ’ అని అడిగేవాణ్ణి. మా కోనసీమ నోళ్లకి ఆ ఒక్క మాటా పలకదే! “చెప్పకూడదటండీ, ఏమీ అనుకోకండేం. పోనీ మొదటి అక్షరం చెప్పమంటారా?” అంది ఒకావిడ, ఎంతో నొచ్చుకుంటూ. నాకు ఒళ్లు మండిపోయింది. “అయితే దొంగని భోజనానికి పిలవండి! ఎదురుగా కూర్చోబెట్టి, వడ్డించి మరీ చెప్పండి!” అని అరిచేశాను. అత్త మొహం వెలిగిపోయింది. “ఆయ్, ఇదేదో బాగుందిరా. ముందే చెప్పొచ్చుగా?”

కొన్నాళ్లకి నేను సంఘం దగ్గర ఉండగానే ఫోన్ మోగితే అత్త ఎత్తింది. మెయిల్ కంపెనీ నుంచట. పాస్‌వర్డ్ చెప్పకపోతే సాయంత్రానికల్లా మెయిల్ ఆగిపోతుందట. నేను స్పీకర్ నొక్కి పక్కనే నిలబడ్డాను.

“పాస్‌వర్డాండీ? దానికేం భాగ్యం బాబూ, భోజనానికి వచ్చేయండి, తిన్నాక చెప్తాను. పనసపొట్టు కూర వండించేను,” అంది అత్త.

“మేడమ్, టైం లేదు. అర్జెంటు!”

“అర్జెంటైతే ఇవాళే రండి. రావులపాలెంలో దిగితే మనూరికి బస్సులే బస్సులు. ఇంతకీ మీదేవూరండీ? ఎవరి తాలూకండీ?”

అవతలివాడు ఠక్కున ఫోన్ పెట్టేశాడు. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అత్త మాత్రం రిసీవర్ వంక దిగులుగా చూసింది. “పాపం, అతనికి ఆవ పెట్టిన కూర పడదేమోరా.” ఆ దొంగ వాటా కూడా నేనే తిన్నాను. మర్నాడు చెన్నై నుంచి కొత్త ఆర్డరు ఆ మెయిల్‌కే భద్రంగా వచ్చింది. ఆ పూట నేను నేల మీద నడవలేదంటే నమ్మండి.

ఇప్పుడు హైదరాబాదులో చిన్న చిన్న ఆఫీసులవాళ్లకి ఇవే జాగ్రత్తలు చెప్పడం నా ఉద్యోగం. తెర మీద బొమ్మలేసి గంటసేపు చెబుతాను. అత్త ఫోన్ సంగతి చెప్పినప్పుడే అందరూ నిద్ర లేస్తారు. మొన్న ఆ మాటే అత్తకి గొప్పగా చెప్పాను.

“సంతోషంరా. అయితే అంతసేపు చెప్పించుకుని, భోజనం పెడుతున్నారా?”

“లేదత్తా, ఫీజిస్తారు.”

“అయ్యో, అదేం ఉద్యోగంరా!” అంది. నవ్వుతూ ఫోన్ పెట్టేశాను గానీ, ఆ మధ్యాహ్నం క్యాంటీన్ సాంబారన్నం నాకు సహించలేదు.