ఏ వదిన రాసిన కోడు?

మా ఇంట్లో ఇద్దరం వదినలం. అన్న భార్య కాబట్టి ఆమె నాకు వదిన. నేను ఆడబిడ్డను, పైగా వయసులో ఆమెకంటే నాలుగు నెలలు పెద్దదాన్ని కాబట్టి ఆమెకు నేను వదినను. ఒకరినొకరం అదే మాటతో పిలుచుకుంటాం. వంటింట్లో దీనివల్ల ఏ చిక్కూ లేదు, పిలిచేది ఒకరైతే పలికేది రెండోవాళ్లే కదా. చిక్కంతా కంప్యూటరు దగ్గర వచ్చింది. దానికి చుట్టరికాలు తెలియవు.

అన్న శంషాబాద్ విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. వదినది గోదావరి వైపు. ఉద్యోగం పని మీద ఎటో వెళ్లి తిరిగి వస్తూ అన్న కారెక్కింది. ఆ కారు దిగడానికి ఆమెకు గంట కూడా పట్టలేదు గానీ మా ఇంట్లో దిగడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో అమ్మ ఏమేం అన్నదో ఇక్కడ రాయను. అమ్మ కూడా ఇది చదువుతుంది.

మా వదినలిద్దరిదీ సాఫ్ట్‌వేరు చదువే. పెళ్లైన కొత్తలో అన్న కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాం. పార్కింగులో గంటల తరబడి కూర్చునే డ్రైవర్లకు ఎప్పుడూ ఒకటే బాధ. తినడానికి పోతే విమానం దిగుతుంది, తినకుండా కూర్చుంటే విమానం లేటవుతుంది. విమానం దిగాక ప్రయాణికులు బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో అన్న మాకు పాఠం చెప్పాడు. "బెంగళూరు విమానమోళ్లకు బ్యాగొక్కటే ఉంటది, ఉరుక్కుంట వస్తరు. చాయ్ తాగేటంత టైమే. దుబాయ్‌దైతే తాళ్లు కట్టిన డబ్బాలు రావాలె, బయటికొచ్చి అందర్ని అలుముకోవాలె. బిర్యానీ తినొచ్చు."

అందుకని మా ప్రోగ్రాం ఫోన్‌లో అంకెలేవీ చూపించదు. "చాయ్" అంటుంది, లేదా "బిర్యానీ" అంటుంది. కోడు మేం దాచుకోలేదు. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. వేరే ఊరివాళ్లెవరో తీసుకుని చాయ్ తీసేసి కాఫీ పెట్టుకున్నారని తెలిసి అన్న ఒక పూట అన్నం సరిగా తినలేదు.

ఇలాంటి కోడులో ఎవరు ఏ మార్పు చేసినా, చేసినవాళ్ల పేరు, ఏం చేశారో ఒక చిన్న మాట దానితోపాటే నిలిచిపోతాయి. మొదటి రోజు ఆ పేరు పెట్టుకునే పని ఉంటుంది. అప్పుడు మా ఇద్దరి మధ్య కొత్త ప్రేమ, ఒకరి పని ఒకరు లాక్కుని చేసేవాళ్లం. ఆమె లాప్‌టాప్‌ను నేను సిద్ధం చేశాను. పేరు అడిగితే "వదిన" అని కొట్టాను. నేను చాయ్ పెట్టడానికి లేచినప్పుడు నా లాప్‌టాప్‌ను ఆమె సిద్ధం చేసింది. పేరు అడిగితే ఆమె కూడా "వదిన" అని కొట్టింది.

ఏళ్ల తరబడి ఈ సంగతి మాకు తెలియలేదు. కోడులో ఎక్కడైనా తప్పు దొరికితే, చేసిందెవరా అని చూస్తే, "వదిన" అని ఉండేది. పాపం వదిన, పిల్లతో అలిసిపోయి ఉంటుంది అనుకుని నేను చప్పుడు చేయకుండా సరిదిద్దేదాన్ని. పాపం వదిన, ఆఫీసులో నలిగిపోయి వచ్చి ఉంటుంది అనుకుని ఆమె సరిదిద్దేది. మా ఇంట్లో ఆడబిడ్డకూ కోడలికీ గొడవలు లేకపోవడానికి అసలు కారణం ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

కోడు ఉన్న పాత సర్వరు మూతపడుతుందని తెలిసి, దాన్ని అందరూ వాడే ఒక కొత్త సైటుకు మార్చే పని నేను నెత్తికెత్తుకున్నాను. ఆ సైటు ఒక్కటే ప్రశ్న అడిగింది. ఇక్కడ "వదిన" అని ఉంది, ఈ మనిషి మెయిల్ ఏమిటి? ఇందులో ఆలోచించేదేముంది, వదిన అంటే వదినే. ఆమె మెయిల్ ఇచ్చాను. అంతా ఎక్కింది. నాలుగు రోజుల తర్వాత, పని చేసినవాళ్ల పేజీ ఎలా ఉందో చూద్దామని తెరిస్తే అక్కడ ఒక్కటే మొహం ఉంది. పెళ్లిలో తీసిన ఫొటో, తలలో కనకాంబరాలు, కింద ఇన్నేళ్ల పనీ ఆమె పేరు మీదే. నా పేరు మచ్చుకైనా లేదు. వడ్డించింది నేనే, ఖాళీగా ఉన్నది నా విస్తరే.

నా కోపం ముక్కు మీదే ఉంటుంది. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, దొండకాయలు తరుగుతున్న వదినకు ఫోన్ చూపించాను. ఆమె నవ్వి, ఫొటో బాగానే పడింది అంది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. "సొమ్మొకరిది, సోకొకరిది" అన్నాను.

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. మళ్లీ ఫోన్ తీసుకుని, ఈసారి పేజీ అంతా కిందిదాకా చూసింది. చూస్తుంటే మొహం మారిపోయింది. అప్పుడు చెప్పింది. పాప పుట్టాక మానేసిన ఉద్యోగం మళ్లీ వెతుక్కుంటోందట. ఎక్కడ అడిగినా మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశారనే ప్రశ్న. చివరికి ఒక కంపెనీకి మా ప్రోగ్రాం లింకు పంపిందట. అదొక్కటే ఆమె దగ్గర ఉన్న సాక్ష్యం. తెరిచి చూసుకోకుండానే పంపింది. వాళ్లు సోమవారం ఇంటర్వ్యూకి పిలిచారు. ఉద్యోగం వచ్చాక చెబుదామని ఇంట్లో దాచింది.

"నేను వెళ్లనండీ" అంది. వదినకు బాధ కలిగితే గోదావరి తిరిగొస్తుంది, నేను మళ్లీ "అండీ" అయిపోతాను. "వాళ్లు పిలిచింది నన్ను కాదు, మనిద్దర్నీ. మీ పని చూపించి నాకు ఉద్యోగం అడుక్కోమంటారా?"

నా కోపం అక్కడే చచ్చిపోయింది. "సోమవారం దాంక గట్లనే ఉండనీ వదినా. నాకు ఉద్యోగం ఉన్నది కదా. తర్వాత సరిచేద్దం."

"ముందే సరిచేద్దాం."

"సరిచేస్తే నీది సగమే కనబడ్తది. మళ్ల పిలుస్తరో లేదో."

"సగమైతే సగం. అదైనా నాదే కదా."

ఇంతసేపు నా పని నాకు కావాలని ఎగిరినదాన్ని, ఇప్పుడు నా పని తీసుకో అని బతిమాలుతున్నాను. ఆమె వినలేదు. పాత సర్వరు నుంచి మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం పెద్ద పని కాదు. కానీ ఏది ఎవరిదో తేలాలి కదా. రెండు లాప్‌టాప్‌లూ తెరిచి చూస్తే అప్పుడు తెలిసింది, రెండింట్లోనూ పేరు అదే, ప్రతి మార్పు పక్కనా "వదిన" తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు నాకు, నన్ను నేనే మెచ్చుకునేంత గొప్ప ఉపాయం తట్టింది. మార్పు చేసినప్పుడల్లా ఒక మాట రాస్తాం కదా, అది మేం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే రాసేవాళ్లం. నేను "సరిచేసిన" అని రాస్తాను. ఆమె "సరిచేశాను" అని రాస్తుంది. నాకు చివర "ను" ఉండదు, ఆమెకు "ను" లేకపోతే నోరు మూతపడదు. నోటి మాట ఇన్నేళ్లలో కాస్త అటూఇటూ అయినా, రాతలో మనిషి మారరు కదా. "ను" ఉన్నవన్నీ ఆమెవి, లేనివన్నీ నావి అని తేల్చే చిన్న ప్రోగ్రాం రాసి నడిపించాను.

మొదటి ఏడాదిది అచ్చు గుద్దినట్టు కుదిరింది. "చాయ్ టైము తగ్గించిన", ఇది నేను. "దుబాయ్ విమానానికి కొంచెం సమయం కలిపాను", ఇది ఆమె. మేం ఒకరి మొహం ఒకరం చూసుకుని మురిసిపోయాం. ఆ తర్వాత ఒక చోట ఆగిపోయాం. "దయచేసి ఈ వరుస ముట్టుకోకండి, చాలా కష్టపడి సరిచేశాను" అని ఉంది. ప్రోగ్రాం దాన్ని వదిన ఖాతాలో వేసింది. తేదీ చూస్తే పాప పుట్టిన రోజు.

"నొప్పులు పడుకుంట కామాలు సరిచేసినవా వదినా?" అన్నాను.

"నేను దవాఖానలో ఉంటే నాకు లాప్‌టాప్ ఎవరిచ్చిన్రు?" అంది. దవాఖాన అన్నది ఆమే.

అది నాదే. గుర్తొచ్చింది. ఆ "దయచేసి" నేనే రాశాను. దాని కింద ఇంకొకటి ఉంది. "గిట్లైతే డ్రైవర్లు ఆకలికి సస్తరు, మార్చిన." ఇది మాత్రం నాదేనని నేను ప్రమాణం చేసేదాన్ని. వదిన తల దించుకుని, "అది నాది" అంది. పాపకు అమ్మవారు పోసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, అమ్మ కుక్కరును తిట్టే తిట్లు విని విని అలా రాసిందట.

అక్కణ్నుంచి అంతా తారుమారే. నేను కటువుగా రాస్తే ఆమె నొచ్చుకుంటుందేమోనని ఆమెలా రాయడం మొదలుపెట్టాను. ఆమె భాష చూసి నేను నవ్వుతానేమోనని ఆమె నాలా రాయడం మొదలుపెట్టింది. ఇద్దరం ఒకేసారి బయల్దేరి, మధ్యలో ఎక్కడో ఒకరినొకరు చూసుకోకుండా దాటేశాం. అనుమానం ఉంటే ఈ వ్యాసమే చూడండి, "రాశాను", "చూపించాను" అంటూ ఎలా వాగుతున్నానో.

ఈ గొడవంతా విన్న అన్న కారు తాళాలు టేబుల్ మీద పడేశాడు. "వదిన వదిన అనుకుంట నన్ను మర్చిపోయిన్రు. చాయ్ లెక్క, బిర్యానీ లెక్క చెప్పింది ఎవరు? నా పెండ్లి కార్డుల నా పేరే తప్పు పడ్డది, దీంట్లనేమో పేరే లేకపాయె."

అడిగింది న్యాయమే. "ఆలోచన ఇచ్చినవారు" అని అన్న పేరు వేరే చోట చేర్చాం. అక్షరాలు తప్పు లేవని రెండుసార్లు చదివించుకుని వెళ్లాడు.

శనివారం, ఆదివారం ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కొక్క మార్పూ తెరిచాం. ఇది పాపకు పళ్లొచ్చినప్పటిది, నాది అంటుంది. ఇది ఆఫీసు బస్సులో చేసినది, నాది అంటాను. నెత్తి మీద విమానం పోతుంటే మాట ఆపి, పోయాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. మంచి కోడు దొరికితే "ఇది నీదే వదినా", చెత్త దొరికితే "ఇది నాదే వదినా" అని ఇద్దరం మర్యాదలకు పోయేవాళ్లం. కొంతసేపయ్యాక విసుగొచ్చి అది తిరగబడింది. ఇంత చెత్త నేను రాయను అని మొహం మీదే అనుకున్నాం. అలా అయ్యాకే పని త్వరగా సాగింది.

ఎంత తవ్వినా కొన్ని తేలలేదు. ఎవరు రాశామో ఇద్దరికీ గుర్తులేదు, చదివితే రెండు గొంతులూ వినిపిస్తున్నాయి. ఒక పనికి రెండు పేర్లు పెట్టే వీలు ఆ సైటులో ఉంది. వాటన్నిటికీ రెండు పేర్లూ పెట్టేశాం. మళ్లీ ఎక్కించి పేజీ తెరిస్తే ఈసారి రెండు మొహాలు. లెక్కలో ఆమెదే ఎక్కువ తేలింది. నేను కొంచెం కుళ్లుకున్నాను. అంతకంటే ఎక్కువే సంతోషపడ్డాను, అది కూడా నిజమే.

కంపెనీకి వదిన తనే మెయిల్ రాసింది. మీరు ముందు చూసినది తప్పు, ఇప్పుడు సరిచేశాం, ఇది చూశాక కూడా రమ్మంటే వస్తాను అని. జవాబు రాలేదు. సోమవారం పొద్దున, రావద్దని కూడా అనలేదు కదా అని అన్నే కారు తీశాడు.

సాయంత్రం వచ్చి వదిన చెప్పిన కథ ఇది. వాళ్లు పేజీ తెరిచి, ఈ రెండో ఆమె ఎవరు అని అడిగారట. మా వదిన అంది. మీ అన్నగారి భార్యా అన్నారట. కాదు, మా ఆయన చెల్లెలు అంది. మరి ఆమె మిమ్మల్ని ఏమని పిలుస్తుంది అంటే, వదిన అని చెప్పింది. అడిగినాయన పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టుకుని ఇంకేమీ అడగకుండా చాలాసేపు నవ్వాడట. ఆ తర్వాత కోడు గురించి మాత్రం గట్టిగానే అడిగారు. అన్నిటికీ చెప్పింది. మూడు చోట్ల మాత్రం, ఇది మా వదినది, ఆమెను అడగాలి అందట.

ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు పొద్దున్నే నా ఆఫీసుకు ఫోన్ చేసింది.

"వదినా, గీడ కొత్త లాప్‌టాప్ ఇచ్చిన్రు. పేరు అడుగుతున్నది. ఏం పెట్టాలె?"

"మీ పేరే పెట్టండి వదినా" అన్నాను. "ఈసారి నేను కొట్టను."