కారం మిల్లు మీద వార్తలు

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం పర్చూరు వైపు ఒక చిన్న ఊళ్ళో, కేబుల్ ఛానెల్‌లో. హోదా టెక్నీషియన్. పనులు: కెమెరా పట్టుకోవడం, టేపులు ఎడిట్ చేయడం, వాన పడితే స్తంభాల మీద తడిసిన యాంప్లిఫయర్లు దించి ఆరబెట్టడం, యజమాని మనవరాలి పుట్టినరోజు ఫొటో చుట్టూ పూలు పెట్టి రోజంతా తెర మీద తిప్పడం.

యజమానికి కారం మిల్లు కూడా ఉండేది. కింద మిల్లు, మేడ మీద స్టూడియో. స్టూడియో అంటే ఒక గది, ఒక బల్ల, వెనక నీలం గుడ్డ, రెండు లైట్లు. శబ్దం రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టాం. మిల్లు మోత సగం తగ్గింది. ఘాటు తగ్గలేదు.

వార్తలు చదివేది ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పే ఆవిడ. ఊరంతా టీచర్ గారనే పిలిచేది, నేనూ అంతే. ఆమె మొదట దుకాణాల ప్రకటనలు చదివారు, తర్వాత యార్డులో మిర్చి ధరలు, ఆ తర్వాత మొత్తం వార్తలు. బడి వదిలాక వచ్చి, తప్పు లేకుండా చదివి వెళ్ళేవారు. వార్తల వరుస మారేది కాదు. ధరలు, కరెంటు కోత వేళలు, పంచాయతీ సంగతులు, చివర్లో ఊళ్ళో పోయినవాళ్ళ వివరాలు. గదిలో కూర్చున్న కొద్దీ ఘాటు కళ్ళకెక్కుతుంది కాబట్టి, ఆ చివరి అంశం దగ్గరికి వచ్చేసరికి టీచర్ గారి కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారేవి. గొంతు మాత్రం వణికేది కాదు.

ఊరు దీన్ని వేరే విధంగా అర్థం చేసుకుంది. పోయినవాళ్ళ ఫొటోలు తెచ్చే కుటుంబాలు ఆమే చదవాలని పట్టుబట్టేవి. ఆమె సెలవు పెట్టిన ఒక రోజు, నేను చదువుతానని అన్నాను. భర్త ఫొటో తెచ్చిన ముసలావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నువ్వు చదివితే ఎవరు ఏడుస్తారయ్యా? రేపు ఆ పిల్ల వచ్చాకే వెయ్యి. ఆయనకేం తొందర?”

అసలు కారణం ఎవరికీ చెప్పొద్దని యజమాని నాకు గట్టిగా చెప్పాడు.

అలా ఉండగా హైదరాబాదులో కొత్తగా పెడుతున్న వార్తా ఛానెల్ ఒకటి న్యూస్ రీడర్లు కావాలని ప్రకటించింది. చదివిన టేపు పంపాలి. టీచర్ గారి భర్త పత్తి వేసి నష్టపోయి, అప్పటికే హైదరాబాదులో ఒక గోడౌన్‌లో పనికి కుదిరారు. ఒక్క జీతంతో అక్కడ కాపురం పెట్టడం కుదరదు. ఈ ఉద్యోగం వస్తే కూతుర్ని తీసుకుని ఆమె వెళ్ళిపోవచ్చు. రాకపోతే ఆయన ఎప్పుడో సెలవు దొరికినప్పుడు వచ్చి పోవడమే. మా దగ్గరున్న టేపులన్నీ వేసి చూశాను. అన్నింట్లోనూ ముక్కు ఎర్రగా, కళ్ళు తడిగా ఉన్నాయి. మిర్చి ధర పెరిగిందని చెప్పేటప్పుడు కూడా.

మిల్లు ఆపమని అడగడానికి టీచర్ గారే కిందికి వెళ్ళారు. నేను వెనకాల నిలబడ్డాను.

“సీజన్లో మిల్లు ఆపమంటే ఎట్టమ్మా?” అన్నాడు యజమాని. “కాయలు తెచ్చినోళ్ళు నా పీక మీద కూర్చుంటారు.”

“ఒక్క గంట, బాబాయ్ గారూ.”

“అయినా ఆ ఏడుపుకేం? బాగానే ఉంటదిగా. మా ఇంట్లో ఆడోళ్ళు సీరియల్ మార్చి మరీ నిన్ను చూస్తారు.”

“హైదరాబాదు వాళ్ళు సీరియల్‌కి తీసుకోవట్లేదండి.”

ఆయన నవ్వి నా వైపు తిరిగాడు. “ఒరేయ్, డిప్లొమా చదివావుగా. నువ్వే ఏదో ఒకటి చూడు.”

చూశాను. సీజన్లో మిల్లును ఆపగలిగేది ఒక్క కరెంటు కోతే. కోతలో లైట్లు వెలగవు కానీ కెమెరా బ్యాటరీ మీద నడుస్తుంది. వెలుతురు కోసం ఉత్తరం కిటికీ తెరిచి, ఎదురుగా తెల్లటి థర్మాకోల్ అట్ట నిలబెట్టాలి. ఘాటు దాక్కునేది బొంతల్లో, కాబట్టి వాటిని పీకి డాబా మీద పడేయాలి. అప్పుడు గది గంగాళంలా మోగుతుంది, అందుకని మైకును గొంతుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. నేల తడిగుడ్డతో తుడవాలి. ఆ పనులన్నీ తుమ్ముతూనే పూర్తి చేశాను.

మధ్యాహ్నం కోత మొదలై మిల్లు ఆగింది. గదిలో గాలి తేరుకున్నాక, బడి భోజన విరామంలో వచ్చిన టీచర్ గారిని కూర్చోబెట్టాను. చదవాల్సిన వార్తలు ఆ రోజు వచ్చినవాటిలోంచి నేనే ఎంచాను. వాటిలో ఒకటి పురుగుల మందు తాగి పోయిన పత్తి రైతుది. ఆ రోజుల్లో అలాంటి వార్త లేని వారం ఉండేది కాదు. ఆమె కాగితాలు తిరగేస్తూ ఆ వార్త దగ్గర ఆగారు. తర్వాత దాన్ని అడుగు నుంచి తీసి అన్నిటికంటే పైన పెట్టుకున్నారు.

ఒక్క టేకులో అయిపోయింది. రైతు పేరు, ఊరు, కౌలుకు తీసుకున్న చేను, పంటకు పట్టిన పురుగు, భార్య, ఇద్దరు పిల్లలు. ఆమె చూపు లెన్స్ మీద నుంచి కదల్లేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి. కెమెరా ఆపి “ఓకే అండి” అన్నాను. ఆమె లేవలేదు.

“ఆయనది మా అమ్మ వాళ్ళ ఊరే,” అన్నారు. “మా పెరటి గోడకు అవతలి ఇల్లు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే.”

“ముందే చెప్తే ఆ వార్త తీసేసేవాణ్ణి కదండీ.”

“అక్కడ తీసేస్తారా?”

నేను థర్మాకోల్ అట్ట తీసి గోడకు ఆనించాను.

“మొహంలో ఏమన్నా తెలిసిందేమో చూడు.”

టేపు వెనక్కి తిప్పి, కెమెరా కంటికి ఆనించుకుని ఆ వార్త మొదటి నుంచి చివరిదాకా చూశాను. మళ్ళీ ఒకసారి చూశాను.

“ఏం తెలియట్లేదండి.”

“సరే. పంపించు.”

ఆ టేపుతోనే ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఏ వార్తనైనా చలించకుండా చదివే మనిషి కోసమే వెతుకుతున్నామని అక్కడివాళ్ళు అన్నారట. పొద్దున్నే వచ్చే బులెటిన్ ఇచ్చారు. వేసవి సెలవుల తర్వాత కూతుర్ని అక్కడే బళ్ళో చేర్పించారు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు మాత్రం ఆమె మైకు విప్పి బల్ల మీద పెట్టి, బడికి ఫోన్ చేసి సెలవు అడిగి, అమ్మ వాళ్ళ ఊరి బస్సెక్కారు. సాయంత్రం మేం వార్తలు వేయలేదు. ధరలు మాత్రం తెర కింద అక్షరాల్లో నడిపాను.