ఏడువేల గది

ప్రమోద పని ధరలు రాయడం. నెలకు రెండుసార్లు అమీర్‌పేట, పంజాగుట్ట వీధులన్నీ తిరిగి, నూట పది వస్తువులు ఏ కొట్టులో ఎంతకు అమ్ముతున్నారో రాసుకుని, కింద సంతకం పెట్టి, శ్రీనగర్ కాలనీలోని ఒక ప్రైవేటు సర్వే ఆఫీసులో ఇచ్చేది. పెద్ద కంపెనీలు ఆ వివరాలు కొనుక్కుని, ఏ ఊళ్లో పనిచేసే ఉద్యోగికి ఎంత భత్యం ఇవ్వాలో తేల్చుకునేవి.

సిరిసిల్లలో నేత కుటుంబంలో పుట్టి, సాంచెలనే మరమగ్గాల చప్పుడులో పెరిగిన మనిషి. అక్కడ పని తగ్గిపోయాక భర్త భానుచందర్‌కు పంజాగుట్ట బట్టల దుకాణంలో సేల్స్‌మన్ ఉద్యోగం దొరికింది. ఇద్దరూ ఎల్లారెడ్డిగూడ గల్లీలో ఒక గది, దాని పక్కన మూరెడు వంటిల్లు ఉన్న వాటాలో దిగారు.

ఏడేళ్లు తిరిగేసరికి ధరల గుట్టు ఆమెకు బాగానే తెలిసింది. బిస్కెట్ పాకెట్ జగిత్యాలలోనూ అమీర్‌పేటలోనూ ఒకటే ధర. ఇస్త్రీ, క్షవరం, జాకెట్టు కుట్టుకూలి మాత్రం ఇక్కడ రెట్టింపు. ఆఫీసు మెట్ల కింద చాయ్ అమ్మే రాజనర్సయ్యను ఒకసారి గ్లాసుకు ఇరవై రూపాయలెందుకని అడిగింది. పాలు, చక్కెర ఎక్కడైనా అంతే పడతాయనీ, ఈ నాలుగడుగుల చోటుకే నెలకు పన్నెండువేలు కడుతున్నాననీ ఆయన చెప్పాడు. గ్లాసులు కడిగే మనిషి కూడా ఈ నగరంలోనే కిరాయికి ఉండాలి కాబట్టి తక్కువకు రాడు.

"నువ్విచ్చే ఇరవైల సగం జాగకే పోతది బిడ్డా," అన్నాడు.

మొన్న వేసవిలో అన్ని ఊళ్ల సర్వే వాళ్లనూ ఆఫీసుకు పిలిచారు. భోజనాల దగ్గర జగిత్యాల నుంచి వచ్చిన యశస్విని పక్కన కూర్చుంది. మాటల్లో జీతాల సంగతి వచ్చింది. ఇద్దరికీ పదిహేడువేలే. యశస్విని మూడున్నరవేలకు రెండు గదుల ఇంట్లో ఉంటోంది, ప్రమోద పదివేలు కట్టి ఒక్క గదిలో ఉంటోంది. ఆ పిల్ల మీద ప్రమోదకు కోపం రాలేదు. ఊరికో ధర అని నెలనెలా తన చేతే రాయించుకుంటూ, జీతం దగ్గరికొచ్చేసరికి ఊళ్లన్నీ ఒకటే అంటున్న ఆఫీసు మీద వచ్చింది. మేనేజర్ కేదార్‌ను అడిగితే, ఒకే పనికి ఒకే జీతమని, అందులో అన్యాయం ఏంటని ఎదురడిగాడు.

తర్వాతి నెల ఆమె ఇచ్చిన కాగితాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. సరిచూసుకుందామని కూర్చుంది. ఒక గది వాటా కిరాయి అని ఉన్నచోట తను రాసిన పదిన్నరవేలు లేదు. ఏడువేలు అని ఉంది. కింద స్కాన్ చేసి అతికించిన తన సంతకం మాత్రం అలాగే ఉంది.

కేదార్ తడబడలేదు. పదిన్నర మరీ ఎక్కువని కొనే కంపెనీవాళ్లు అన్నారట, అందుకే కొంచెం సర్దాడట. ఆ సర్దుబాటుతో ఎంతమంది ఉద్యోగుల భత్యం కోసుకుపోతుందో ప్రమోదకు తెలుసు. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా ఆమె చూడలేదు. అయినా ఒళ్లు మండిపోయింది.

"ఏడువేలకు అమీర్‌పేటల గది యాడుందో చూపియ్యుండ్రి సార్," అంది, ఆఫీసంతా వినేలా. "ఇప్పుడే పోదాం. దొరికితే ఇయ్యాల్నే సామాను తెచ్చుకుంట."

"ఏంటి ప్రమోద గారూ, పిల్లల్లాగా," అన్నాడు కేదార్.

"నా సంతకం ఉన్న కాగితంల అబద్ధం రాసింది మీరు. లేవుండ్రి."

అందరూ చూస్తున్నారు. తప్పక లేచాడు. ఎండలో గల్లీ గల్లీ తిప్పింది. టు-లెట్ బోర్డున్న మొదటి ఇంటావిడ పదకొండువేలంది. రెండో ఇంట్లో పదిన్నర, నీళ్లకు వేరే. మూడోది ఒకప్పుడు ఆరు కుటుంబాలు ఉన్న బిల్డింగ్, ఇప్పుడు హాస్టల్. అక్కడ హైమవతి అనే వార్డెన్, ఏడువేలకైతే మంచం ఒకటి ఇస్తామని చెప్పింది. గదికి నాలుగు మంచాలు.

ప్రమోద కేదార్ వైపు తిరిగింది. "ఒక్క గదికి ఇరవై ఎనిమిదివేలు వస్తుంటే, ఓనరు సంసారం ఉన్నోళ్లకు పదివేలకు ఎందుకిస్తడు సార్? కిరాయి ఎందుకు పెరిగిందో సుత రాస్త, రాయమంటే."

కేదార్ చెమట తుడుచుకుని, అర్థమైందన్నాడు.

"మీకు అర్థమైతే నాకేమొస్తది? కాగితం మీద రాయుండ్రి. నా జీతం కాగితం మీద సుత రాయుండ్రి."

మొదటిది జరిగింది. ఆ నెల కాగితం పదిన్నరవేలతోనే వెళ్లింది. జీతం మాత్రం పెరగలేదు. రెండు నెలల తర్వాత కాంట్రాక్టు గడువు తీరితే మళ్లీ పిలవలేదు. ఆమె వీధులు ఎవరికిచ్చారో, వాళ్లు ఏం రాస్తున్నారో ప్రమోదకు తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమె గొంతు లేస్తుంది.

ఇంట్లో కూర్చుంటే కిరాయి ఆగదు. ఆమె ధరలన్నీ నోటికి చెబుతుందని విని, హైమవతే హాస్టల్‌కు సరుకులు కొనే పని ఇచ్చింది, పంతొమ్మిదివేలకు. పొద్దున్నే ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లి కూరగాయలు బేరమాడి తెస్తుంది. తన కిరాయిని పైకి తోసింది ఇలాంటి మంచాలేనని ఆమెకు తెలుసు. ఆ కోపంతోనే బియ్యం మూటలు లోపల పెట్టించి, నాలుగేసి మంచాలున్న ఆ గదుల మధ్యనుంచి ఇంటికి నడిచి వెళ్తుంది.