తాజ్ మహల్ ఒక్కటే గీయలేదు మా మామ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే కాఫీ తాగుతుంటే మా లక్ష్మీదేవత్త కేక వినపడింది. "ఒరే, మామ లెయ్యలేదురా. ఎంత పిలిచినా పలకడం లేదు" అంది. పరుగున పోయేసరికి ఆయన మగ్గం పక్కన చాప మీద నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ముందురోజు సాయంత్రమే నాతో గట్టిగా వాదులాడి, నా పనిలో తప్పు పట్టుకున్న మనిషి తెల్లారేసరికి శాశ్వతంగా మౌనం దాల్చాడంటే నా బుద్ధికి ఇంకా అందడం లేదు. ఎమ్మిగనూరు నేతగాళ్లలో అట్టల నాగలింగప్పను ఎరగని ఇల్లు లేదు. ఊరు దాటితే మాత్రం ఆ పేరు ఎవరికీ తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన నాకు మేనమామ, విద్య నేర్పిన గురువు. చీర కొంగు మీద బొమ్మ రావాలంటే మొదట దాన్ని గళ్ల కాగితం మీద గీయాలి. ఆ గళ్ల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టాలి. ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే కింద పోగులు లేచి బొమ్మ పడుతుంది. ఈ కళలో ఆయన అద్వితీయుడు. అందరూ హంసలు, మామిడి పిందెలు గీసుకుంటుంటే ఈయన ప్రపంచ ప్రసిద్ధ కట్టడాలను కొంగుల మీదికి దించాడు. ఐఫిల్ టవర్, సిడ్నీ ఒపెరా హౌస్, పీసా గోపురం, అన్నీ మా వీధిలోనే లేచాయి. చైనా గోడ అంచుకు భలే నప్పింది, చీర పొడవునా నడిచిపోయింది.

ఎవరైనా ఒక కట్టడాన్ని చూసి ఆహా అంటే ఆయన ఊరుకునేవాడు కాదు. "బాగుండాది సరే, గీసినోడెవరప్పా?" అని నిలదీసేవాడు. నూలు తెచ్చిచ్చే షావుకారును కూడా వదల్లేదు. ప్రతి గళ్ల కాగితం అడుగున రెండు వరుసలు రాసుకునేవాడు. మొదటిది 'కట్టడం గీసినోడు', రెండోది 'సీర గీసినోడు'. పుస్తకాలు తిరగేసి, చదువుకున్నవాళ్లను విసిగించి మొదటి వరుస నింపేవాడు. రెండో వరుసలో తన పేరు రాసుకునేవాడు. చీర మీద అతికించే చీటీలో మాత్రం షావుకారు దుకాణం పేరు ఒక్కటే ఉండేది. "ఐఫిల్ టవర్ గూడ అంతేరా. పేరు కంపెనీ ఆయప్పది. మొదట గీసిండేది ఆయప్ప కింద పన్జేసే ఇంజనీర్లు" అని నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు, ఒళ్లు మండేది.

సిడ్నీ ఒపెరా హౌస్ అంటే ఆయనకు ప్రత్యేకమైన మమకారం. దానికి రూపకల్పన చేసిన మహానుభావుడు పని సగంలో ఉండగానే అక్కడి ప్రభుత్వంతో విభేదించి ఆ దేశం విడిచిపోయాడట, పూర్తయ్యాక చూడడానికి మళ్లీ రానేలేదట. ఈ సంగతి విన్న రోజు మామ అన్నం సరిగా తినలేదు. "తాను గీసింది తానే సూడలేదంట పాపం. నేనే నయం. ఆయప్ప గీసింది పటంలోనన్నా సూసినా" అన్నాడు.

పీసా గోపురం సంగతి మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మేం చీరను బోర్లా నేస్తాం. మంచి ముఖం కిందికి ఉంటుంది, మాకు కనిపించేది వెనక వైపే. అన్నేళ్ల అనుభవజ్ఞుడు ఆ ఒక్క రోజు ఏ ధ్యాసలో ఉన్నాడో గాని ఆ సంగతి మరిచి అట్టలు కొట్టాడు. చీర తిప్పి చూస్తే గోపురం అవతలి పక్కకు వాలి ఉంది. షావుకారు క్యాలెండర్ పక్కన పెట్టుకుని, "ఏమప్పా, ఇది అట్ల కదా వాలేది?" అన్నాడు. మామ తడుముకోలేదు. "నువ్వు ముందర నుంచి సూస్తాండావు శెట్టీ. నేను యెనకాలకి పోయి సూసినా" అన్నాడు. షావుకారు నవ్వాపుకోలేక చీర తీసుకుపోయాడు. కాలు బయట పెట్టకుండా ఇటలీకి వెళ్లి వెనక వైపు కూడా చూసొచ్చిన ఘనుడు మా మామ.

కాలు బయట పెట్టకుండా అన్నది మాటవరసకు కాదు. వాళ్ల నాయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గం మీద ఉండగా నేతగాడు పరాయి ఊళ్లో రాత్రి గడపకూడదు. వినడానికి ఏముంది, పడుగు అయిపోయాక పోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ మా పడుగు అయిపోదు. పాతది చివరికి వచ్చేసరికి దాని కొసలకే కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతుకుతాం. కొసలు తెంపితే మళ్లీ మొదటి నుంచి పోగులన్నీ ఎక్కించుకోవాలి, రోజుల తరబడి పని. కాబట్టి ఎవరూ తెంపరు. వాళ్ల తాత నాటి పోగుకు వాళ్ల నాయన పోగు, దానికి ఈయన పోగు. ఆ కట్టుబాటు పెట్టిన పెద్దాయన ఎదురుపడితే రెండు మాటలు అడగాలని నాకెన్నోసార్లు అనిపించింది. మామ మాత్రం పొద్దున మంత్రాలయం పోయి, స్టేషన్లో ఆగ్రా మీదుగా పోయే రైలును కళ్లారా చూసి, సాయంత్రానికి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేతకు కూర్చునేవాడు.

అన్నీ చూడకుండానే గీసిన మనిషి తాజ్ మహల్ మాత్రం గీయలేదు. ఎవరడిగినా "అది మన దేశంలోనే ఉండాది కదప్పా. సూసొచ్చి గీస్తా" అనేవాడు.

రెండేళ్ల కిందట నేను పట్టుబట్టి మూడు టికెట్లు తీశాను, ఆయనకూ అత్తకూ నాకూ. పడుగు ఎప్పుడు అయిపోతుందో చూసుకునే తీశాను. "ఈసారి అతకొద్దు, కొసలు తెంపి పోదాం. మగ్గం ఖాళీగా ఉంటే మా నాయన మాట దాటినట్టు కాదు" అని ఆయన ఒప్పుకున్నాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ప్రయాణానికి ముందురోజు స్వామికి చెప్పి వస్తామని ఇద్దరూ మంత్రాలయం వెళ్లారు. అప్పుడే షావుకారు మనిషి కొత్త పడుగు దించి పోయాడు.

నేను చేసింది చెప్పక తప్పదు. అతికే పని తెలిసిన ఆడవాళ్లిద్దరిని పిలిపించి, ముగ్గురం కూర్చుని సాయంత్రానికి ఆ పడుగంతా అతికేశాం. ప్రయాణం మాట నేను మరిచిపోలేదు. ఆగ్రా నుంచి తిరిగొచ్చేసరికి పని సిద్ధంగా ఉంటే మామ సంతోషిస్తాడనుకున్నాను. పడుగు అయిపోతే అతకడం తప్ప ఇంకొకటి పుట్టి బుద్ధెరిగి చూడనివాణ్ని. నేను కడుతున్నది ఆయన కాళ్లకేనని తలకు తట్టలేదు.

మామ ప్రసాదం చేతిలో పెట్టుకుని వచ్చాడు. మగ్గం చూశాడు. వంగి పోగుల మీద చెయ్యి ఆడించాడు. "బాగ అతికినావురా. ఒక్క ముడి గూడ కనపడ్లే" అన్నాడు. అప్పటికి గాని నాకు తెలివి రాలేదు. తెంపేస్తా మామా అని కత్తెర తీసుకుంటే చెయ్యి పట్టుకున్నాడు. "ఇంత పని సేసి తెంపుతావా? వద్దు. మళ్లీ సూద్దాం" అన్నాడు. అత్త లోపలికి పోయింది. మామ కొత్త చొక్కా విప్పి మడిచి పెట్టి, గుంటలో కాళ్లు దించాడు. అందుకు నన్ను ఒక్కనాడూ నిందించలేదు, అదే నాకు శిక్ష.

దినాలు అయ్యాక ఆయన పెట్టె తెరిచాం. గళ్ల కాగితాల అడుగున ఒకటి ఖాళీగా ఉంది. ఒక్క గడి నింపలేదు. అడుగున మాత్రం తాజ్ మహల్ అని రాసి, 'కట్టడం గీసినోడు' పక్కన చోటు వదిలి, 'సీర గీసినోడు' పక్కన నాగలింగప్ప అని రాసుకున్నాడు. అత్త దాన్ని చేతిలోకి తీసుకుంది. "తెంపురా. ఇప్పుడన్నా ఆయప్ప పోవల్ల" అంది. నేను కత్తెర తీసుకుని పోగులన్నీ తెంపాను. మూడు తరాల మగ్గం ఒక్క పూటలో ఖాళీ అయింది.

మామా, నీ పేరు ఏ చీర మీదా లేదు, అందుకని ఇక్కడ రాశాను. నీ చోటు నింపేవాడు లేడు, నీకివే నా కన్నీటి నమస్సులు. నిన్న షావుకారు మనిషి కొత్త పడుగు దించి పోయాడు. "నువ్వన్నా ఆగ్రాకు పోరా, ఇప్పుడు మగ్గం ఖాళీనే కదా" అని అత్త పొద్దుటి నుంచి చెబుతూనే ఉంది. అతకడానికి కొసలు కూడా లేవు. అయినా గుంటలో కాళ్లు పెట్టుకునే కూర్చున్నాను, నా చెయ్యి బూడిద గిన్నె కోసం తడుముతోంది.