చలనశాస్త్ర అధ్యాపకులు కావలెను

తొంభైల్లో నేను విజయవాడలో ఒక వ్యాయామ విద్యా కళాశాలలో గుమాస్తాను. పాఠాలు చెప్పేవాళ్ళంతా మగవాళ్ళే. ఒక్క అధ్యాపకురాలైనా దొరక్కపోతే వచ్చే ఏడు అమ్మాయిలను చేర్చుకోలేమని ప్రిన్సిపాల్ గారు బెంగపడ్డారు. అయినా అలవాటుకొద్దీ ‘డ్రిల్లు మాస్టారు కావలెను’ అని పేపర్లో ప్రకటన వేయించారు. ఒక్క ఆడమనిషీ రాలేదు.

“మాస్టారంటే ఆడవాళ్ళెందుకొస్తారండీ?” అన్నాను. పదో తరగతితో చదువాపినా, గ్రంథాలయంలో నిఘంటువులు తిరగేసినవాణ్ణి. ఒంటి కదలికల గురించిన చదువును చలనశాస్త్రం అంటారని వాటిలోనే చూశాను. రెండో ప్రకటనలో ‘చలనశాస్త్ర అధ్యాపకులు కావలెను, స్త్రీలు కూడా రావచ్చు’ అని నేనే రాశాను.

ఇంటర్వ్యూకి మొదట వచ్చినాయన గాంధీనగర్‌లో ఒక సినిమా హాలు ఆపరేటరు. “చలనమంటే చలనచిత్రాలే కదండీ?” అన్నాడు.

ప్రిన్సిపాల్ గారు నా వైపు తిరిగి, “నీ నిఘంటువు తగలెయ్య!” అన్నారు.

“అది గ్రంథాలయానిదండీ,” అన్నాను.

తర్వాత గుణదల నుంచి ఒక ముస్లిం యువతి వచ్చింది. పరుగులో మోకాలు ఎలా పనిచేస్తుందో నల్లబల్ల మీద బొమ్మ గీసి వివరంగా చెప్పింది.

“మాస్టారని చూసి మా నాన్న పేపరు మడిచేశారండీ. ఈసారి శాస్త్రమని చూసి ఆయనే బస్సెక్కించారు,” అంది.

ఆ సాయంత్రమే ఆమె నియామక పత్రం టైపు చేశాను. హోదా దగ్గర ‘చలనశాస్త్ర అధ్యాపకురాలు’ అనే కొట్టాను. ప్రిన్సిపాల్ గారు ఆ మాట దిద్దకుండానే సంతకం పెట్టారు.