ట్యూబ్‌లైట్ల కింద పుంటికూర

ఆ రోజుల్లో లోకంలో ఏ విషయాన్నయినా త్రైరాశికంతో తేల్చేయవచ్చని నేను నమ్మేవాణ్ణి. ఇంత పనికి ఇంతమంది అయితే అంత పనికి ఎంతమంది అనే ఆ లెక్కను నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. (బడి నన్ను తొమ్మిదో తరగతిలో వదిలేసింది, లేదా నేనే బడిని వదిలేశాను. ఎవరు ముందు వదిలారన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.) పాత గైడు పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్న విద్య మీద మనిషికి ప్రేమ ఎక్కువ, అనుమానం తక్కువ. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో గుమస్తాగా కుదిరాక ఆ ప్రేమ ఇంకా ముదిరింది. వడ్లు చూసి బియ్యం ఎంత, నూక ఎంత, తవుడు ఎంత వస్తుందో ముందే లెక్కగట్టి చెప్పేవాణ్ణి. మర ఆడించాక దాదాపు అంతే వచ్చేది. వడ్లు నా మాట వింటున్నప్పుడు మిగతా మొక్కలు ఎందుకు వినవు అనుకున్నాను. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న కాలం అది. నాకు ఇరవై ఏడేళ్లు, పెళ్లి కాలేదు, పుంటికూర అంటే ప్రాణం. (కోదాడ దాటితే దాన్నే గోంగూర అంటారు.)

మట్టి లేకుండా, ఇంట్లోనే, ఉట్టి నీళ్లలో కూరగాయలు పండించవచ్చని ఒకనాడు పేపర్లో చదివాను. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. నేను అద్దెకున్న మేడమీద కుండీ పెట్టే ఆశ లేదు. చుట్టూ ఉన్న మిల్లుల గొట్టాల్లోంచి ఊక బూడిద పగలంతా రాలుతూ ఉంటుంది, ఆరేసిన తెల్ల అంగీ సాయంత్రానికి బూడిద రంగు అంగీ అవుతుంది. బూడిద వదిలిపెట్టిన దాన్ని కోతులు వదలవు. అందుకని నా గది పక్కనే ఖాళీగా ఉన్న చిన్న గది కూడా తీసుకుని కిటికీకి రేకు కొట్టించాను, గోడలకు మెరిసే కాగితం అంటించాను, ఖాళీ రంగు డబ్బాల్లో ఎరువు కలిపిన నీళ్లు పోసి, థర్మాకోల్ మూతలకు చిల్లులు పెట్టి, మిల్లు నుంచి తెచ్చిన కాల్చిన ఊకలో విత్తనాలు నాటాను. విత్తనాలు హుజూర్‌నగర్ అంగట్లో ఒక ముసలామె గోనెపట్టా మీద కుప్పలు పోసి అమ్ముతుంటే కొన్నవి. చేపల తొట్టెల్లో గాలి కొట్టే చిన్న మోటారొకటి బుడబుడమంటూ ఉండేది. ఇక లైట్లు. పగటి వెలుతురుకే మొక్క ఇంత పెరిగితే, పగలూ రాత్రీ వెలుతురిస్తే రెండింతలు పెరగాలి. లెక్క నాలుగుసార్లు సరిచూశాను. ఎక్కడా తప్పు లేదు. ఆ ట్యూబ్‌లైట్లు వేసిన రోజు నుంచి ఆర్పలేదు.

మొక్కలు నిజంగానే లేచాయి. నడుము దాటి, భుజం దాటి, పైకప్పు కేసి చూడసాగాయి. కింద కాపురముండే ఇంటి ఓనరమ్మ మాత్రం కలవరపడసాగింది.

"తమ్మీ, పొద్దుమాపు ఆ లైట్లేంది? లోపల ఎవలన్న ఉంటున్నరా?"

"ఎవలు లేరమ్మా. పుంటికూర."

"పుంటికూరకు లైట్లెందుకు? సదువుకుంటదా?"

సరిగ్గా అప్పుడే సూర్యాపేటలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మా అక్క మొగుడు నాకొక సంబంధం చూశాడు. అమ్మాయిది కోదాడ, డిగ్రీ చదివింది. ఫొటోలో ఆమె నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంది. నేను ఆ ఫొటోను అంగీ జేబులో పెట్టుకుని మిల్లంతా తిరిగాను, రెండు లారీల తూకం తప్పు రాశాను. ఇంత చెబితే చాలు, నా పరిస్థితి మీకు తెలిసిపోతుంది. వాళ్లింట్లో ఏ నిర్ణయమైనా అమ్మాయి మేనమామదేనట. ఆయనది నందిగామ వైపు, కోదాడలో ఎక్సైజ్ హెడ్ కానిస్టేబుల్. మా బావ ఆయనకు ఎక్సైజ్ మామ అని పేరు పెట్టాడు.

ఒక ఆదివారం బావ మెట్ల కింద నుంచి కేకేశాడు. "బామ్మర్దీ, జర మంచి అంగీ తొడుక్కొని రా. ఎవలొచ్చిండ్రో సూడు." నేను దిగేలోపే ఎక్సైజ్ మామ పైకి వచ్చేశాడు. వెనకే ఓనరమ్మ, తన మొరంతా అప్పటికే ఆయనకు అప్పజెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నాకు భయమేమీ లేదు. పైగా సంతోషం. పిల్లవాడి తెలివి చూసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుందని, తాళం తీసి, తలుపు బార్లా తెరిచి పక్కకు జరిగాను.

ఎక్సైజ్ మామ లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. తెల్లటి వెలుగులో, వరసగా, మనిషెత్తు మొక్కలు. ఒక్కో ఆకు చెయ్యి చాచినట్టు అయిదు వేళ్లుగా, ఏడు వేళ్లుగా చీలి, అంచుల్లో రంపం పళ్లు. ఆయన టోపీ లేకపోయినా తల మీద తడుముకున్నాడు.

"అబ్బాయ్, ఇదేంటి?"

"పుంటికూర సార్."

"గోంగూర నేను వారానికి రెండు కట్టలు కొంటాను. ఇదా గోంగూర? కిటికీకి ఆ రేకెందుకు?"

"బూడిద రాకుండ సార్."

"తాళమెందుకు?"

"కోతులు సార్."

"రాత్రింబవళ్లు లైట్లెందుకు?"

"త్రైరాశికం సార్."

ఆయన మా బావ వైపు తిరిగాడు. బావ గోడకు అంటించిన కాగితంలో తన ముఖం చూసుకుంటున్నాడు. "మావోడు బీడీ గూడ తాగడు సార్," అన్నాడు ఎట్టకేలకు.

"తాగేవాళ్ల కోసం కాదయ్యా మేం తిరిగేది, పెంచేవాళ్ల కోసం. ఇది గంజాయి."

ఆ మాట నాకు ఎవరో పక్కింటి వాళ్ల గురించి అన్నట్టు వినిపించింది. ఓనరమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి "ఓరి దేవుడా, నా ఇంట్ల" అంది. ఆయన కోపంగా లేడు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. లారీల్లో ఎండు పొట్లాలు చాలా పట్టుకున్నాడట, పచ్చి చెట్టు మాత్రం ట్రైనింగ్‌లో ఫొటోలో చూపించారట, అచ్చం ఇదేనట. నేను చూసిన పుంటికూర మాత్రం ఎంత? మాడుగులపల్లి పక్కన మా ఊళ్లో దాన్ని మోకాలు దాటనివ్వం. మేం దాటనిచ్చినా మా గొర్లు దాటనివ్వవు. "మా అమ్మను పిలిపిస్తా సార్, చూసి చెప్తది" అన్నాను. "మీ అమ్మ సాక్ష్యం చెల్లదు" అన్నాడు.

అప్పుడు నాకు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. పులుపు. పుంటికూర పుల్లగా ఉంటుంది, గంజాయి పుల్లగా ఉండదు కదా. ఒక ఆకు తెంపి ఆయనకిచ్చాను, ఒకటి నేను నోట్లో వేసుకున్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నమిలాం. చప్పగా ఉంది. పచ్చగడ్డిలా ఉంది. ఆ ట్యూబ్‌లైట్ల కింద, ఆ నీళ్లలో, పులుపన్నది ఎక్కడికి పోయిందో పోయింది. హుజూర్‌నగర్ ముసలామె గోనెపట్టా మీద ఎన్ని కుప్పలున్నాయి, నేను ఏ కుప్ప చూపించాను అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు. నేను గంజాయి పెంచుతున్నానేమో అని నాకే అనుమానం వచ్చింది.

"సార్, నేను మింగేసిన," అన్నాను.

"నేనూ," అన్నాడాయన, నీరసంగా.

నోరు తుడుచుకుని ఎక్సైజ్ మామ తీర్పు చెప్పాడు. గోంగూర అయితే రేకుల పువ్వు పూస్తుంది, పసుపుపచ్చది, నడుమ నల్లెరుపు. గంజాయికి ఆ పువ్వు రాదు. "ఒక్క పువ్వు చూపించు. పిల్ల మాట అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా తెంపినా, పీకినా, పారేసినా సాక్ష్యం మాయం చేసినట్టే లెక్క. పూత రాకపోతే..." అని మిగతాది చెప్పకుండా మెట్లు దిగాడు. చూస్తూ ఊరుకుంటే తన ఉద్యోగానికే ముప్పని, పైకి చెబితే మేనకోడలి సంబంధం స్టేషన్‌లో తేలుతుందని ఆయన బాధ ఆయనది. ఓనరమ్మను కాపలా పెట్టి వెళ్లాడు. ఆమె ఆ పని నిష్ఠగా చేసింది, నేను గదిలోకి నీళ్లతో పోయినా నీళ్లతో వచ్చినా బకెట్టులోకి తొంగి చూసేది.

ఊరికే కూర్చోలేక నేను ఇంటర్నెట్ సెంటర్‌కి పరుగెత్తాను. గోంగూర గురించి, ఫొటోతో సహా, ఇంగ్లీషులో ఒక పేజీ దొరికింది. ఇంగ్లీషు నాకు అంకెల వరకే వచ్చు. అయినా బొమ్మ అచ్చం నా మొక్కే. కాగితం తీయించుకుని, మడత పడకుండా అట్టలో పెట్టుకుని, కోదాడ బస్సెక్కాను. ఎక్సైజ్ మామ కళ్లజోడు పెట్టుకుని మొదటి వాక్యం చదివాడు. మళ్లీ చదివాడు.

"దీని శాస్త్రీయ నామం ఏమిటో చదివావా?"

"లేదు సార్. ఏముంది?"

"హైబిస్కస్ కన్నాబినస్." ఆయన కళ్లజోడు తీశాడు. "గంజాయిని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా? కన్నాబిస్."

(ఆకులు గంజాయిలా ఉంటాయని ఎవరో దొర ఆ పేరు పెట్టాడట. ఆ సంగతి నాకు పదేళ్ల తర్వాత తెలిసింది.) నిర్దోషినని నిరూపించుకోవడానికి నా చేతులతో నేనే మోసుకొచ్చిన కాగితం అది. ఆయన దాన్ని నాకు తిరిగి ఇవ్వలేదు.

ఇక పువ్వు ఒక్కటే దారి. కానీ పువ్వు రాలేదు. మొక్కలు పైకప్పుకు తగిలి వంగి మళ్లీ పక్కకు పెరుగుతున్నాయి, ఒక్క మొగ్గ లేదు. రోజూ పొద్దున స్టూలెక్కి కొమ్మ కొమ్మా వెతికేవాణ్ణి. బావ ఫోన్ చేసి "పూసిందా?" అనేవాడు. అక్క ఆ ఫోన్ లాక్కొని ఏడ్చేది. నా లెక్క మళ్లీ తీశాను. ఇంత వెలుతురుకు పూయలేదంటే ఇంకా ఎక్కువ వెలుతురు కావాలన్న మాట. ఇంకో వరస ట్యూబ్‌లైట్లు తెచ్చి బిగించాను.

దసరా ముందు, ఒక మధ్యాహ్నం, మా వాడ ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో కాలిపోయింది. (నా వల్లేనని ఓనరమ్మ వాడంతా చెప్పింది. ఒక్క ఇంటి లోడుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలదని లెక్కవేసి చూపించబోయాను, ఎవరూ ఆగి వినలేదు.) కొత్తది రావడానికి వారాలు పట్టింది. ఆపైన రోజువారీ కోతలు ఎలాగూ ఉన్నాయి. మోటారు ఆగిపోతే వేళ్లు కుళ్లిపోతాయని కర్రతో నీళ్లు కలియబెట్టాను, ఉక్కపోతకు కిటికీ రేకు ఊడబీకాను. పగలు కిటికీలోంచి వచ్చినంత ఎండ, పొద్దు గూకితే చీకటి. సంబంధం పోయింది, ఉద్యోగం పోతుంది, మా నాయన గొర్ల మందను అమ్మి వకీలును పెట్టాలి అనుకుంటూ గోడకానుకుని కూర్చునేవాణ్ణి. కరెంటొచ్చాక కూడా ఓనరమ్మ ఆ గది స్విచ్చి మీద చెయ్యి వేయనివ్వలేదు.

ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే ఆమె గొంతు మారిపోయి వినిపించింది. "తమ్మీ, ఇటు రా. జల్ది రా." కిటికీ పక్క మొక్కకు, నా కళ్లకు సమానంగా, పసుపుపచ్చని పువ్వు. అయిదు రేకులు, నడుమ నల్లెరుపు. నేను దాన్ని ముట్టుకోలేదు, ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలాను. ఓనరమ్మ దానికి దండం పెట్టింది. "ఇగ నిలబడ్డవేంది? మాపటిదాక ఉండదు అది, మొగం సూస్తె ఎరుకైతలేదా?"

తెంపవద్దన్నాడు కాబట్టి డబ్బాతో సహా మొక్క మొత్తాన్ని ఎత్తుకుని బస్సెక్కాను. కొమ్మలు కిటికీలోంచి బయటికి, డబ్బా ఒళ్లో, పువ్వు ముక్కు ముందర. కండక్టర్ పైనుంచి కింది దాకా చూశాడు.

"ఏందన్నా ఇది?"

"పుంటికూర. కోదాడల ఎక్సైజోళ్లకు సూపెట్టాలె."

ఆయన మరేమీ అడగకుండా టికెట్ కొట్టి, ఆ తర్వాత నా వరసకు రావడమే మానేశాడు. హుజూర్‌నగర్ దాటేసరికి ఎండ ముదిరింది, రేకులు ముడుచుకోసాగాయి. నేను తువ్వాలు తడిపి నీడ పట్టాను. ముందే ఫోన్ చేసి చెప్పడంతో కోదాడ బస్టాండులో ఎక్సైజ్ మామ యూనిఫాంలోనే ఎదురుగా నిలబడి ఉన్నాడు. అప్పటికి పువ్వు సగం మూసుకుంది. ఆయన రెండు వేళ్లతో రేకులు మెల్లగా విప్పి, నడుమ నల్లెరుపు చూసి, అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాడు.

"గోంగూరే," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. నన్ను అక్కడే కూర్చోబెట్టి, చాయ్ చెప్పి, వాళ్ల అక్క ఇంటికి వెళ్లి వస్తానన్నాడు. నేను చాయ్ చల్లారబెట్టుకుంటూ ముహూర్తం ఏ నెలలో పడుతుందా అని లెక్కపెట్టుకున్నాను.

తిరిగొచ్చినప్పుడు ఆయన నా ముఖం చూడలేదు, మొక్కను చూశాడు. "అబ్బాయ్, మా వాళ్లంతా సరేనన్నారు. పిల్లే ఒప్పుకోలేదు."

"గంజాయి కాదని చెప్పారా సార్?"

"చెప్పాను. చెప్పాకే వద్దంది. 'గంజాయి అయితే నాలుగు తగిలించి మాన్పించవచ్చు మామయ్యా, గోంగూర కోసం కిటికీలకు రేకులు కొట్టించేవాణ్ణి ఏం చెప్పి మాన్పిస్తాం?' అంది." ఒక కొమ్మ వంచి చూసి, "కూర లేతగానే ఉంది, నాలుగు కొమ్మలు తెంపుకుంటాను, ఏమనుకోకు" అన్నాడు. తెంపుకున్నాడు.

ఆమె గురించి నాకు మిగిలింది ఆ ఒక్క మాట, అదీ మేనమామ గొంతులో. ఆ తర్వాత నాకు పెళ్లయింది, పిల్లలయ్యారు, గుమస్తాగిరీ వదిలేశాను. ఆ మాటలో తప్పు పట్టుకుందామని అప్పుడప్పుడు ప్రయత్నిస్తాను, దొరకదు. ఎందుకంటే తిరుగు బస్సులో, సగం తెంపేసిన చెట్టును ఒళ్లో పెట్టుకుని, సంబంధం పోయిన గంటకే, ఇరవై ఏడేళ్ల ఆ కుర్రవాడు ఏడవడం లేదు. వెలుతురులో పూయనిది చీకట్లో ఎందుకు పూసిందా అని బస్ టికెట్ వెనక కొత్త లెక్క వేసుకుంటున్నాడు. ఇప్పుడు ఆ బస్సెక్కి వాడి పక్కన కూర్చోగలిగితే పెన్ను లాక్కుందామనే అనుకుంటాను. కానీ నా సంగతి నాకు తెలుసు, ఏదీ చూపించు అని వంగి చూస్తాను.